ఇంటర్వ్యూలన్నీ చాట్‌జీపీటీకి ఇచ్చేయొచ్చా?

ప్రశ్న: సోషియాలజీలో పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. పాలమూరు నుంచి మగవాళ్లు ముంబయి, పుణె వలస పోతే ఊళ్లో ఉండిపోయిన ఆడవాళ్లపై నా పరిశోధన. 40 ఇంటర్వ్యూల రికార్డింగులు చేతిలో ఉన్నాయి. చాట్‌జీపీటీకి ఇస్తే గంటలో థీమ్‌లు, అంటే వాళ్ల మాటల్లోంచి తేలే ముఖ్యాంశాలు, వచ్చేస్తాయని స్నేహితులు అంటున్నారు. ఇవ్వొచ్చా? అదే నిజమైతే రేపు మాకు ఉద్యోగాలెక్కడివని టెన్షన్‌గా ఉంది.

జవాబు: వస్తాయమ్మా, గంట కూడా పట్టదు. కానీ అప్‌లోడ్ చేసే ముందు, ఆ ఆడవాళ్లకు మీరు ఏమని చెప్పి ఒప్పించారో చూసుకోండి. ‘నా చదువు కోసమే’ అని ఉంటే, వాళ్ల గొంతును బయటి కంపెనీ సర్వర్‌కు పంపడానికి ఆ ఒప్పుకోలు చాలదు. అప్పు, గుంపు మేస్త్రీ పేరు, ఇంట్లో గొడవలు అన్నీ అందులో ఉంటాయి. మీ గైడ్‌ను, ఎథిక్స్ కమిటీని అడగకుండా ఒక్క ఫైలు కూడా పంపొద్దు.

రికార్డింగును రాతలోకి మార్చడానికి వేరే దారి ఉంది. ఓపెన్‌ఏఐ 2022లో ఉచితంగా విడుదల చేసిన విస్పర్ అనే సాఫ్ట్‌వేర్‌ను మీ ల్యాప్‌టాప్‌లోనే, ఇంటర్నెట్ లేకుండా నడుపుకోవచ్చు. అయితే పాలమూరు యాస, వెనకాల ట్రాక్టర్ చప్పుడు, మధ్యలో పిల్లల ఏడుపు ఉంటే తప్పులు దొర్లుతాయి. ఆడియో వింటూ దిద్దుకోక తప్పదు. ఆ వినడం దండగ అనుకోకండి, సగం విశ్లేషణ అక్కడే జరుగుతుంది.

ఇక థీమ్‌ల సంగతి. ఒకామె ‘ఆయన నెలనెలా పైసలు పంపుతడు, మాకేం తక్కువ లేదు’ అన్నదనుకోండి. ఆ అక్షరాలు చూసి ఏఐ ‘ఆర్థిక భద్రత’ అని కోడ్, అంటే ఆ మాటకో చిన్న శీర్షిక, పెట్టేస్తుంది. సరిగ్గా ఆ ప్రశ్న అడిగేసరికి అత్త వచ్చి పక్కన మంచంమీద కూర్చుందని మీకు మాత్రమే తెలుసు. ఆ సంగతి రికార్డర్‌కు ఎక్కదు. ఇలాంటివి ఫీల్డ్ నోట్స్‌లో లేకపోతే, గుర్తున్నవి ఇవాళే రాసి పెట్టుకోండి.

అందుకే మొదటి ఏడెనిమిది ఇంటర్వ్యూలు మీరే చేత్తో కోడ్ చేయండి. ముందే ఏఐ ఇచ్చిన జాబితా చూశారంటే ఆ తర్వాత మీ కళ్లకు అవే కనిపిస్తాయి. మీ కోడ్‌లు ఒక కొలిక్కి వచ్చాక, అనుమతి ఉంటే, పేర్లూ ఊర్లూ మార్చిన ట్రాన్స్‌క్రిప్టులు ఇచ్చి ‘నా కోడ్‌లకు అడ్డం తిరిగే మాటలు ఎక్కడున్నాయి?’ అని అడగండి. దాన్ని గుమస్తాలా కాకుండా వాదించే సహాధ్యాయిలా వాడుకుంటేనే లాభం. అది చూపించిన ప్రతి కొటేషన్‌నూ ట్రాన్స్‌క్రిప్టులో వెతికి చూడండి. ఎవరూ అనని మాటను కూడా ఎంతో నమ్మకంగా రాసేస్తుంది. ఇంటర్వ్యూలను విశ్లేషించే సాఫ్ట్‌వేర్‌లైన ఎన్‌వివో, అట్లాస్ టీఐ, మ్యాక్స్‌క్యూడీఏల్లో ఇప్పుడు ఏఐ సదుపాయాలున్నాయి. యూనివర్సిటీ లైసెన్సు ఉంటే సరే, లేకపోతే ఫెలోషిప్ డబ్బు వాటి మీద పోయకండి. కోడింగ్‌కు ఉచితంగా దొరికే క్వాల్‌కోడర్ చాలు.

వైవాలో ఇరుక్కునే చోటు ఇంకొకటుంది. మీ మెథడాలజీ చాప్టర్‌లో బ్రౌన్, క్లార్క్ అనే పరిశోధకుల రిఫ్లెక్సివ్ థీమాటిక్ ఎనాలిసిస్ (పరిశోధించేవాళ్ల సొంత దృష్టికి పెద్దపీట వేసి థీమ్‌లు తీసే పద్ధతి) అని రాశారా? అలాంటి విశ్లేషణకు జనరేటివ్ ఏఐ వద్దే వద్దని 2025లో వాళ్లిద్దరితో సహా 400 మందికి పైగా పరిశోధకులు బహిరంగంగా ప్రకటించారు. నాకైతే అంత గట్టి నిషేధం అక్కర్లేదనిపిస్తుంది. కానీ వాళ్ల పద్ధతి పేరు పెట్టుకుని కోడింగ్ ఏఐతో చేయిస్తే ఎగ్జామినర్ ఊరుకోరు. వాడితే ఏ టూల్, ఏ వెర్షన్, ఏ పనికి, ఏమని అడిగారో చాప్టర్‌లో రాసేయండి.

ఉద్యోగాల విషయంలో దాపరికం ఎందుకు? ట్రాన్స్‌క్రిప్షన్, అనువాదం, మొదటి విడత కోడింగ్ లాంటి పనులకే ముందు దెబ్బ తగులుతుంది. ఎంఏ అయిన పిల్లలు ప్రాజెక్టుల్లో అడుగుపెట్టేది వాటితోనే, కాబట్టి మీ భయం ఉత్తది కాదు. ఊళ్లో కూర్చుని నోరు విప్పించగలిగి, ఏఐ రాసినదాంట్లో తప్పు పట్టగలిగేవాళ్ల అవసరం మాత్రం ఉంటుంది. అధ్యయన సంస్థలు, ఎన్జీవోలతో పాటు హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో యూఎక్స్ రీసెర్చ్ (యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవాళ్ల అనుభవాన్ని అధ్యయనం చేసే పని) ఉద్యోగాలూ చూడండి. ‘ఏఐని ఎలా వాడతారు?’ అని అక్కడ అడిగే అవకాశం ఎక్కువ. అప్పుడు చూపించడానికి, వివరాలు గుర్తుపట్టకుండా మార్చిన ఒక ఇంటర్వ్యూ ఫైలు సిద్ధం చేసుకోండి: మెషీన్ రాసిన ట్రాన్స్‌క్రిప్టు, మీరు దిద్దింది, మీ కోడింగ్, ఏఐ కోడింగ్, ఎక్కడెందుకు తేడా వచ్చిందో ఒక పేజీ. ఇది బయటివాళ్లకు చూపించడానికి కూడా ఆ ఇంటర్వ్యూ ఇచ్చినామె ఒప్పుకోవాలి, మరచిపోకండి.