లెంట్ ప్రార్థనలో నిద్ర ముంచుకొస్తోంది, ఇది పాపమా?

ప్రశ్న: అమ్మా, మాది రేణిగుంట. తిరుపతి గాంధీ రోడ్డులో ఒక బట్టల షాపులో పనిచేస్తాను. ఇంటికొచ్చేసరికి రాత్రి పది. వంట, గిన్నెలు అయ్యేసరికి పన్నెండు. లెంట్, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల శ్రమకాలం, మొదలైనప్పటి నుంచి చర్చిలో తెల్లవారుజామున ఐదుకు ప్రార్థన పెట్టారు. నాలుగుకే లేస్తున్నాను. మోకరించగానే కళ్లు మూతలు పడుతున్నాయి. మొన్న పక్కనున్నామె తట్టి లేపింది, తల కొట్టేసినట్టయింది. షుగర్ మాత్ర వేసుకుంటాను, అయినా మధ్యాహ్నం భోజనం మానేసి ఉపవాసం ఉంటున్నాను. వారంలో మంగళవారం సెలవు. ఆ రోజు బట్టలు ఉతుక్కోవడం, సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక. మా ఆయన ఆటో నడుపుతారు, అబ్బాయి ఇంటర్, పాప తొమ్మిదో తరగతి. దేవుడికి సరిగ్గా టైం ఇవ్వలేకపోతున్నానని టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– ఒక సోదరి, రేణిగుంట

జవాబు: తల్లీ, ముందు షుగర్ సంగతి. చిత్తూరులో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఈ విషయం గట్టిగానే చెబుతాను. కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకుని భోజనం మానేస్తే షుగర్ బాగా పడిపోతుంది. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగి కౌంటర్ దగ్గరే పడిపోయే ప్రమాదం ఉంది. ఈ రోజు నుంచే మధ్యాహ్నం భోజనం చేయండి. మాత్రను మాత్రం మీ అంతట మీరు మానొద్దు, తగ్గించొద్దు, డాక్టరును అడగండి. ఉపవాస నియమాలు కచ్చితంగా పాటించే కథోలికులు కూడా లెంట్ మొదలయ్యే విభూది బుధవారం, శుభ శుక్రవారం (గుడ్ ఫ్రైడే) ఒంటిపూట ఉపవాసం పద్దెనిమిది నిండి, యాభై తొమ్మిది నిండనివాళ్లకే పెట్టారు. రోగులను అందులోంచి తప్పించారు. మీరు మానాలనుకుంటే రాత్రి ఫోన్ మానండి. టీవీ సీరియల్ మానండి.

ఇక నిద్ర. నాలుగు గంటలే పడుకున్న మనిషి మోకరిస్తే నిద్ర రాక ఏమొస్తుంది? అందులో పాపమేమీ లేదు. బైబిల్లో ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద కూలబడి, ఇక నా ప్రాణం తీసుకో ప్రభువా అన్నప్పుడు దేవదూత అతణ్ణి ప్రార్థన చేయమని లేపలేదు. లేచి తినమన్నాడు. అతను రొట్టె తిని, నీళ్లు తాగి మళ్లీ పడుకున్నాడు. రెండోసారి తట్టి లేపినప్పుడూ తినమనే చెప్పాడు. హోరేబు కొండ దాకా నలభై పగళ్లు, నలభై రాత్రులు నడిచింది ఆ తర్వాతే. మన శ్రమకాలంలో నలభై దినాలను ఇంత తలుచుకుంటాం, వాటికి ముందున్న ఆ నిద్రను ఎవరూ ప్రసంగంలో చెప్పరు. నాకది బాధగానే ఉంటుంది.

మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మిషన్ వాళ్లు టీబీ ఆసుపత్రి పెట్టేనాటికి ఆ జబ్బుకు మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, మంచం మీద విశ్రాంతి, ఇదే వైద్యం. ప్రార్థనాపరులే విశ్రాంతిని మందుగా ఇచ్చారు.

నేను నైట్ డ్యూటీ చేసిన రోజుల్లో ఇంటికి రాగానే పడుకునేదాన్ని. లేచి, తలస్నానం చేసి, అప్పుడు బైబిల్ తెరిచేదాన్ని. మా అమ్మకది నచ్చేది కాదు, దేవుడి తర్వాతే ఏదైనా అనేది. నేను మాత్రం మానలేదు. మెలకువగా ఉన్న పావుగంట ప్రార్థనే నాకు దక్కింది.

మీరు చర్చికి వారంలో ఒకటి రెండు రోజులు వెళ్లండి, చాలు. మిగతా రోజుల్లో ఐదున్నర దాకా పడుకోండి. షాపుకు వెళ్లే బస్సులో బైబిల్లోని ఒక కీర్తన చదవండి. పశ్చాత్తాప కీర్తనలని పూర్వం నుంచీ ఏడింటిని చెబుతారు: 6, 32, 38, 51, 102, 130, 143. వారానికొకటి పెట్టుకోండి. 130తో మొదలుపెట్టండి, ఎనిమిదే వచనాలు. రోజూ అదే చదివితే వారం తిరిగేసరికి నోటికొస్తుంది, చీరలు మడత పెట్టేటప్పుడు పుస్తకం లేకుండానే తలుచుకోవచ్చు.

మంగళవారం గురించి మీ ఆయనతో, పిల్లలతో కూర్చుని మాట్లాడండి. విశ్రాంతి దినం ఆజ్ఞలో కొడుకు, కూతురు, పనివాళ్లు, చివరికి పశువులు కూడా ఉన్నాయి. ఎద్దుకు కూడా సెలవిచ్చిన దేవుడు మీతో ఏడు రోజులూ చాకిరీ చేయించాలనుకుంటాడా? ఇంటర్ చదివే అబ్బాయి బట్టలు ఉతకగలడు. రాత్రి అన్నం మీ ఆయన వండి పెట్టగలరు, పాప గిన్నెలు తోమగలదు. ఇది వాళ్ల లెంట్ అని చెప్పండి, మీకు సాయమని అడుక్కోవద్దు.

ఇంట్లో కూడిక మానాల్సిన పని లేదు గానీ, ఉప్మాలు, బజ్జీలు మానండి. అందరికీ మంచినీళ్లు ఇవ్వండి. అది కష్టమనిపిస్తే ఈ నెలకు ఇంకొకరింట్లో పెట్టమని పాస్టరమ్మకు షుగర్ సంగతితో సహా చెప్పండి. ఆమెకు తెలియకపోవచ్చు.

2026 లెంట్‌ను ఫిబ్రవరి 18 నుంచి ఏప్రిల్ 4 దాకా లెక్కేస్తే నలభై ఆరు రోజులు వస్తాయి. ఆరు ఆదివారాలు తీసేస్తేనే నలభై, ఎందుకంటే ఆదివారం యేసు తిరిగి లేచిన పునరుత్థాన దినం, ఉపవాస దినం కాదు. మీకు ఆదివారం డ్యూటీ ఉంటుంది, సరే. ఆ రోజు కాస్త మంచి కూర కట్టుకెళ్లి, తోటివాళ్లతో కూర్చుని సంతోషంగా తినండి.

ఏప్రిల్ 5 ఈస్టర్. తెల్లవారుజామునే ఆరాధన ఉంటుంది, ముందురోజు శనివారం. తిరుపతిలో శనివారం షాపుల రద్దీ నాకు తెలుసు. ఆ సాయంత్రం తొందరగా వెళ్లడానికి మేనేజర్ దగ్గర పర్మిషన్ ఇప్పుడే అడిగి పెట్టుకోండి.