గుట్టల స్టేజ్‌కి జోస్యం రాసే తమ్ముడికి

తమ్ముడూ,

సైకిల్ రేసులో రాబోయే గుట్టల స్టేజ్ (చాలా రోజుల రేసులో ఒక రోజు పోటీ) గురించి నువ్వు రాసిన ప్రివ్యూ చదివాను. దారిలో వచ్చే ప్రతి గుట్టనీ వరసగా, పొడవుతో, గ్రేడియంట్‌తో (ఎంత నిటారో చెప్పే శాతంతో) సహా రాశావు. చివర్లో డజను పేర్లిచ్చి, "వీరిలో ఎవరైనా గెలవొచ్చు" అని ముగించావు. అందులో తప్పేమీ లేదు. కానీ గుట్టల లెక్క రూట్ బుక్‌లోనే ఉంది, పేర్లు స్టార్ట్ లిస్ట్‌లో ఉన్నాయి. ఆ రెంటినీ చూసుకోగలిగే పాఠకుడికి నువ్వు కొత్తగా చెప్పిందేమిటి?

మళ్లీ రాసేటప్పుడు ముందు ఒక్క ప్రశ్నకు జవాబు వెతుకు: ఆ రోజు బ్రేక్‌అవేని (గుంపుని విడిచి ముందుకెళ్లిపోయిన రైడర్లని) వెంటాడే పని ఎవరి నెత్తిన పడుతుంది?

చదునైన స్టేజ్‌లో ఈ ప్రశ్నే ఉండదు, స్ప్రింటర్ల (ముగింపు గీత దగ్గర అందరికంటే వేగంగా దూసుకెళ్లేవాళ్ల) జట్లే ఆ పని చేస్తాయి. పెద్ద పర్వతాల్లో చివరికి కాళ్లలో సత్తువే తేలుస్తుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న గుట్టల స్టేజ్‌తోనే చిక్కంతా. మావాడు ఆఖరి గుట్ట దాటలేడని స్ప్రింటర్ జట్టు అనుకుంటుంది. నాలుగైదు సెకన్ల కోసం మనవాళ్లని అలసగొట్టడం ఎందుకని మొత్తం టైటిల్ కోసం పోరాడే జట్టు అనుకుంటుంది. హోటల్లో బిల్లు వచ్చాక అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నట్టుంటుంది పెలోటాన్ (వెనకున్న పెద్ద గుంపు). ఆ చూపుల్లో ముందున్న బృందం ఇంకో నిమిషం సంపాదించుకుంటుంది. అందుకే స్టేజ్ ప్రొఫైల్ బొమ్మ కంటే మొత్తం రేసులో ఎవరు ఎన్ని సెకన్లు వెనకున్నారో చెప్పే ముందు రోజు రాత్రి టైమ్ పట్టికనే ఎక్కువసేపు చూడు.

2021 టూర్ ద ఫ్రాన్స్ రెండో స్టేజ్ చూడు. ముగింపు మ్యూర్ ద బ్రెతాన్ మీద, ఆ గుట్టని రెండుసార్లు ఎక్కాలి. మొదటి రోజు గెలిచిన అలాఫిలిప్ కంటే మాథ్యూ వాన్ డెర్ పూల్ 18 సెకన్లు వెనకున్నాడు. స్టేజ్ గెలిస్తే బోనస్ 10 సెకన్లు, అంటే మొత్తం టైమ్‌లోంచి అంత తగ్గిస్తారు. గుట్టని మొదటిసారి ఎక్కినప్పుడు పైన ముందు దాటినవాడికి ఇంకో 8. ఈ రెండూ కలిపితే సరిగ్గా 18. అందుకే అతను మొదటిసారే, ముగింపు ఇంకా దూరంగా ఉండగానే అటాక్ చేశాడు. చూసేవాళ్లకి తొందరపాటులా, బలం వృథా చేసుకోవడంలా కనిపించింది. ఆ 8 సెకన్లు తీసుకున్నాడు, ఊపిరి తీసుకున్నాడు, రెండోసారి మళ్లీ దూకి గెలిచి, మొత్తం టైమ్‌లో అందరికంటే ముందున్నవాడికిచ్చే పసుపు జెర్సీ వేసుకున్నాడు. (అతని తాత రేమాన్ పులిడార్ అన్నేళ్లు టూర్‌లో తొక్కినా ఆ జెర్సీ ఒక్కరోజు కూడా వేసుకోలేదు. ఇలాంటి కోరిక ఏ పట్టికలోనూ ఉండదు, కానీ ప్రివ్యూలో దానికి ఒక వాక్యం దక్కాలి.) "వాన్ డెర్ పూల్ మొదటిసారే దూకవచ్చు, ఎందుకంటే అతనికి రెండు బోనస్‌లూ కావాలి" అని ముందు రోజే రాయడానికి కావలసినదంతా ఆ పట్టికలో ఉంది. జోస్యం అంటే నా లెక్కలో అదీ. పేరు చెప్పడం ఎవరైనా చేస్తారు, ఎప్పుడు, ఎందుకు అన్నది చెప్పు.

సగటు గ్రేడియంట్‌ని గుడ్డిగా నమ్మకు. అదే మ్యూర్ ద బ్రెతాన్ 2 కిలోమీటర్లు, సగటు 6.9 శాతం అని రాస్తారు. నిజానికి మొదటి కిలోమీటరు బాగా నిటారుగా ఉంటుంది, తర్వాత సడలిపోతుంది. కింద పేలిపోయేవాడు పైన తేరుకోలేడు, కింద నిలబడ్డ బలమైన స్ప్రింటర్‌కి పైన ఆశ ఉంటుంది. సగటు అంకె ఈ కథని మింగేస్తుంది.

ఆఖరి గుట్ట పైనుంచి ముగింపు గీత దాకా ఎంత దూరమన్నది ఇంకా ముఖ్యం. 2023 టూర్‌లో సాన్ సెబాస్టియన్ స్టేజ్‌లో హైస్కిబెల్ గుట్ట దాటాక ఇంకా పదిహేను కిలోమీటర్లకు పైగా ఉంది. చిన్న గుంపు కలిసి వచ్చింది, అందులో వేగంగా ముగించగల వాన్ ఆర్ట్ ఉన్నాడు కాబట్టి అందరి కళ్లూ అతని మీదే. చివరి కిలోమీటరులో విక్టర్ లాఫే దూకేశాడు. వెంటాడాల్సినవాళ్లు ఒక్క క్షణం తటపటాయించారు, అంతే. వాన్ ఆర్ట్ రెండో స్థానంలో వచ్చాడు. అలాంటి ముగింపుకి ప్రివ్యూ రాస్తూ అందరికంటే వేగమైనవాడినే ఎంచుకుంటే, అతన్ని గెలిపించడానికి మిగతావాళ్లకి ఏ కారణమూ లేదన్న సంగతి మర్చిపోయినట్టే.

బ్రేక్‌అవే గురించి ఫ్రెంచ్ వ్యాఖ్యాత రోబేర్ షపాత్ పేరు మీద ఒక పాత సూత్రముంది: పది కిలోమీటర్లు మిగిలి ఉండగా ఒంటరివాడి చేతిలో కనీసం ఒక నిమిషం ఉండాలి. చదునులో అది చాలావరకు నిలబడుతుంది. గుట్టల్లో దాన్ని కాస్త జాగ్రత్తగా వాడు. ప్రతి ఎక్కుడుకీ వెంటాడే జట్టులో ఇద్దరు ముగ్గురు సహాయకులు రాలిపోతారు, మలుపులు తిరిగే దిగుడు దారుల్లో గుంపు బారుగా సాగిపోతుంది, ముందున్నవాడు తనకి నచ్చిన గీతలో దిగుతాడు. 2019 టూర్‌లో సాంత్ ఎతియెన్ దారిలో తోమస్ ద జెంట్ మొదటి నుంచీ ముందే ఉండి, చివర్లో అలాఫిలిప్, పినో ఇద్దరూ ప్రాణం పెట్టి తరిమినా 6 సెకన్ల తేడాతో బయటపడ్డాడు.

రైడర్లకి జట్టు నుంచి కబురందించే రేడియోలు లేని రేసయితే అది కూడా రాయి. టోక్యో ఒలింపిక్స్ మహిళల రోడ్ రేస్‌లో ఆనా కీసెన్‌హోఫర్ ముందెక్కడో ఉందన్న సంగతే వెనక లెక్క తప్పిపోయింది. రెండోగా వచ్చిన వాన్ వ్లూటెన్ తానే గెలిచాననుకుని చేతులెత్తింది.

ఇక రాత గురించి. "ఉండవచ్చు", "అవకాశాలు లేకపోలేదు" లాంటివి నీ ప్రివ్యూలో కుప్పలుగా ఉన్నాయి. అవి తీసేసి వాటి చోట షరతు పెట్టు: ఫలానా జట్టు ఆఖరి గుట్ట కిందకి నలుగురితో వస్తే గుంపే గెలుస్తుంది, ఇద్దరే మిగిలితే బ్రేక్‌అవే. జోస్యం తప్పినా ఎక్కడ తప్పిందో పాఠకుడికి తెలుస్తుంది. గుట్టల్ని వచ్చిన వరసలో చెప్పకు, రేసు విరిగే చోటునుంచి మొదలుపెట్టి వెనక్కి రా. మొదటి వంద కిలోమీటర్లకి ఒక్క పేరా చాలు, నిజానికి ఎక్కువే. చివర్లో ఒక్క పేరు రాయి. మరీ టెన్షన్‌గా ఉంటే రెండు, మూడోది మాత్రం వద్దు.

గాలి సంగతి కూడా మర్చిపోయావు. ఆఖరి గుట్ట మీద ఎదురుగాలి ఉంటే వెనక చక్రం పట్టుకున్నవాడికి లాభం, అటాక్ చేసినవాడికి చేటు. స్టేజ్ రోజు పొద్దున వాతావరణం చూసి, ఆ పేరాని అప్పుడు పూర్తిచేసి నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య