మైలాపూరు వెళ్ళేముందు

చిట్టితల్లీ,

మీ అమ్మ ఫోన్ చేసింది. ఆంధ్ర రాష్ట్రం గొడవలు కళ్ళారా చూసినవాళ్ళ మాటలు రికార్డు చేయడానికి వచ్చే నెల చెన్నై వస్తున్నావట. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. మనింటి పిల్ల ఇన్నాళ్ళకి ఆ సంగతి పట్టించుకుందని పొంగిపోయాను. ఏం కెలుకుతావోనని గుబులూ పట్టుకుంది.

ముసలివాళ్ళ దగ్గరికి పొద్దున్నే వెళ్ళు. ఫోన్‌లో ఛార్జింగ్ చూసుకో. పొట్టి శ్రీరాములుగారు ప్రాణం విడిచిన ఇల్లు మైలాపూరులో, రాయపేట హైరోడ్డులో ఉంది, అక్కడే మొదలుపెట్టు.

ఆంధ్ర రాష్ట్రం కోసం 1952 అక్టోబరు 19న నిరాహార దీక్షకు కూర్చున్నారాయన. 58వ రోజు, డిసెంబరు 15 రాత్రి పోయారు. నాకు పదకొండేళ్ళు. మా నాన్న ఏడవగా చూడటం అదే మొదలు. అప్పటిదాకా మేం నెల్లూరువాళ్ళం, పక్కవీధివాళ్ళు కడపవాళ్ళు. సీమవాళ్ళూ కోస్తా సర్కారు జిల్లాలవాళ్ళూ ఒకరినొకరు నమ్మలేకే కదా, 1937లో ఇదే మైలాపూరులో శ్రీబాగ్ ఒప్పందం రాసుకున్నది! ఆ కాగితం వల్ల కానిది ఆ శవయాత్రలో అయింది. అందరం ఆంధ్రులమైపోయాం.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మా ఎదురు వాటాలో తమిళులు ఉండేవారు. వాళ్ళబ్బాయి నా క్లాసే. వాడు నాకు లెక్కలు చెప్పేవాడు, నేను వాడికి తెలుగు పద్యం నేర్పాను. ఆ శవయాత్ర నాటి సాయంత్రం తాడు చుట్టిన బొంగరం పట్టుకొచ్చి, "మీ నాన్న ఎందుకు ఏడుస్తున్నారు?" అన్నాడు. "మీవాళ్ళే చంపారు. మద్రాసు మనదే!" అని మొహం మీద అరిచాను. వాడు బొంగరం అరుగు మీద పెట్టి, తాడు మాత్రం గుప్పిట్లోనే ఉంచుకుని వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి వాళ్ళమ్మ తోడు లేకుండా బావి దగ్గరికి రాలేదు. సంక్రాంతి వెళ్ళాక ఇల్లు ఖాళీ చేశారు.

"తల ఇచ్చయినా తలనగరాన్ని, అంటే రాజధానిని, కాపాడుకుంటాం" అని వాళ్ళ నాయకులూ పిలుపిచ్చారని తర్వాత తెలిసింది. ఊరు పోతుందేమోనని మేం ఎంత బెంగపడ్డామో, గోడకి అవతల వాళ్ళూ అంతే బెంగపడ్డారు. ఆ బెంగ నా చెవిన పడలేదు. 1969లో తెలంగాణ పిల్లలు తుపాకులకు ఎదురెళ్ళినప్పుడూ అంతే, భాష ఒకటే కదా అనుకున్నాం. వాళ్ళ ఏడుపు వేరని తెలుసుకోలేదు.

అందుకే తల్లీ, తమిళుల ఇళ్ళకీ వెళ్ళు. "వాళ్ళు మనకేం చేశారు" అని ఎవరినీ అడక్కు, బుద్ధి ఉన్న పిల్లవి. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగిందా, పక్కన ఎవరున్నారు, అని అడుగు. వాళ్ళు ఏడిస్తే రికార్డింగు ఆపి మంచినీళ్ళివ్వు. ఆ ముక్క ఒక్కటే కోసి ఎవరికీ పంపకు.

మనింట్లోనే దిగు, హాస్టలూ గీస్టలూ వద్దు. ఇంకొక్క మాట. ట్రిప్లికేన్ వైపు ఎనభై దాటిన తమిళాయన ఎవరైనా తడుముకోకుండా తెలుగు పద్యం అప్పజెబితే, చిన్నప్పుడు ఏ వీధిలో ఉండేవారో అడిగి, నాకు వెంటనే ఫోన్ చెయ్యి.

తాతయ్య