ఇజ్రాయెల్‌కు పోతున్న సరితకు

బిడ్డా సరితా,

వీసా వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ముసలోళ్ల సేవ నీకు కొత్త కాదు, మీ నానమ్మను ఆఖరిదాకా చూసింది నువ్వే. ఇంకొకరి ఇంట్ల రాత్రీ పగలూ ఉండుడే కొత్త. అందుకే ఇంత రాస్తున్న.

పోంగనే వంటింట్ల చెయ్యి పెట్టకు. కోషర్, అంటే యూదుల తిండి నియమాలు, పాటిస్తరా అని ముందు అడుగు. పాటించే ఇంట్ల పాలకు, మాంసానికి గిన్నెలు, చెంచాలు, తోమే స్పాంజి కూడా వేరు. చికెన్ కూరల పెరుగు వేసినవంటే ఆ గిన్నె ఇగ అట్లనే వాడుకోరు. మనకాడ మడి కట్టుకునే ముసలమ్మ ఉన్న ఇల్లు అనుకో, తొందరగ అలవాటైతది.

శుక్రవారం పొద్దుగూకితే షబ్బత్, అంటే యూదులు పని ముట్టని వారపు విశ్రాంతి రోజు, మొదలు. భక్తి ఉన్న ఇండ్లల్ల శనివారం చీకటి పడేదాకా స్టవ్ వెలిగించరు, లైటు స్విచ్ ముట్టరు. నువ్వేం ముట్టొచ్చో గురువారమే అడిగిపెట్టుకో, ఇంటింటికీ పద్ధతి మారుతది. కానీ ప్రాణం మీదికొస్తే ఏ షబ్బత్ అడ్డం రాదు, వాళ్ల ధర్మమే అట్ల చెప్తది. జంకకుండ 101కు కొట్టి అంబులెన్స్‌ను పిలువు.

ఎండకాలంల ఒకరోజు పొద్దున 10 గంటలకు రెండు నిమిషాలు సైరన్ మోగుతది. హిట్లర్ చంపించిన యూదుల యాదిల అందరూ కార్లు ఆపి, దిగి నిలబడ్తరు. నువ్వూ పని ఆపి నిలబడు. ఆ మోత ఒకే తీరుగ ఉంటది. పైకీ కిందికీ ఊగుతుంటే మాత్రం రాకెట్ వస్తున్నట్టు. నువ్వు చూసుకునే అవ్వను వెంటనే ఇంట్ల మమాద్ అనే గట్టి గదిల కూర్చోబెట్టాలె. పాత బిల్డింగుల ఇంట్ల ఆ గట్టి గది ఉండదు, మెట్లు దిగి షెల్టర్‌కు పోవాలె. కాబట్టి చేరిన రోజే ఆ తొవ్వ చూసిపెట్టుకో.

నీకు దొరికే అవ్వ ఆ హిట్లర్ రోజులు దాటొచ్చిన మనిషి కావొచ్చు. ఎండిన రొట్టె ముక్క దాచుకుంటే పారేయకు. రాత్రి కేకలు పెడితే లైటు వేసి, చెయ్యి పట్టుకొని పక్కన కూర్చో. ఏమైందని గుచ్చి అడగకు. ఈ పనిల అన్నిటికంటె పెద్దది ఇదే అని నేను నమ్ముత.

వారానికో రోజు సెలవు నీ హక్కు, మొహమాటానికి వదులుకోకు. శనివారం చాలా చోట్ల బస్సులు నడువవు గాని కొన్ని దారులల్ల షేరుత్ అనే షేర్ వ్యాన్లు ఉంటయి. టెల్ అవీవ్ పోయి మనోళ్లను కలువు, కడుపునిండ తెలుగు మాట్లాడు. పాస్‌పోర్టు ఎవ్వరికీ ఇయ్యకు, గుంజుకొని పెట్టుకునుడు అక్కడ నేరం. జీతం దగ్గర తేడా వస్తే టెల్ అవీవ్‌ల కావ్ లాఒవేద్ అని కూలోళ్ల కోసం కొట్లాడే సంస్థ ఉన్నది, సిగ్గుపడకుండ పో.

చేరంగనే ఆ ఇంటి అడ్రస్ నాకు వాట్సాప్‌ల పెట్టు.

నీ పెద్దమ్మ