జైలులో బైబిలు చదవబోయే అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి,

ప్రభువు నామంలో ఆశీస్సులు. జిల్లా జైలులో ఆదివారాలు బైబిలు చదివి ప్రార్థన చేయడానికి నీకు అనుమతి వచ్చిందని తెలిసి చాలా సంతోషించాను. మొదటి రోజు కోసం అపొస్తలుల కార్యాలు 12, 16 అధ్యాయాలు సిద్ధం చేసుకుంటున్నానని రాశావు. పేతురు చేతుల సంకెళ్లు ఊడిపడటం, ఫిలిప్పీ చెరసాల తలుపులు తెరుచుకోవడం. నా మాట విని ఆ రెండూ కొన్నాళ్లు పక్కన పెట్టు. చాలా ఏళ్లు ఆ గేటు దాటి లోపలికి వెళ్లి వచ్చినవాడిగా చెబుతున్నాను.

మన మందిరంలో వినేవాడికి అవి ఆరాధన పాటలా వినిపిస్తాయి. రాత్రి బ్యారక్‌కు తాళం పడే చప్పుడు రోజూ వినేవాడికి అలా వినిపించవు. గట్టిగా నమ్మితే తన తలుపు కూడా తెరుచుకుంటుందని అతడు అనుకుంటాడు. తర్వాతి వాయిదాకు బెయిలు రాదు. అప్పుడు తన విశ్వాసం చాలలేదని తనను తానే నిందించుకుంటాడు. ఇప్పటికే నిందలు మోస్తున్న మనిషికి మనం ఇంకొకటి తగిలించినట్లు అవుతుంది. పైగా ఆ 12వ అధ్యాయం పేతురు విడుదలతో మొదలు కాదు. యోహాను సహోదరుడైన యాకోబును హేరోదు కత్తితో చంపించడంతో మొదలవుతుంది. సంఘం ఒకటే, దేవుడూ ఒక్కడే. ఒకరు బయటికి వచ్చారు, ఒకరు రాలేదు. ఎందుకో ఆ గ్రంథం రాసిన లూకా చెప్పలేదు. ఆయన చెప్పనిదాన్ని నువ్వు వివరించడానికి ప్రయత్నించవద్దు.

యిర్మీయా ప్రవక్తతో మొదలుపెట్టు. చెరను గురించి బైబిలులో అతనికన్నా ఎక్కువ తెలిసినవాడు లేడని నా అభిప్రాయం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు, యూదా రాజైన యెహోయాకీనును, అతనితో పాటు పెద్దలను, పనివాళ్లను బబులోనుకు తీసుకుపోయాడు. ఆ తర్వాత కొద్ది సంవత్సరాలకే హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరి ముందు నిలబడి, రెండేళ్లలో వాళ్లందరూ తిరిగి వస్తారని ప్రకటించాడు. బబులోనుకు లొంగాలన్నదానికి గుర్తుగా యిర్మీయా మెడమీద ఉన్న కొయ్య కాడిని తీసి విరిచేశాడు. జనానికి ఆ మాట ఎంత తియ్యగా ఉండి ఉంటుందో ఆలోచించు. అది అబద్ధం. యిర్మీయా చెప్పిన మాట డెబ్బై సంవత్సరాలు.

నీకన్నా ముందు ఆ జైలులోకి హనన్యాలు వెళ్లి ఉంటారు, తర్వాత కూడా వెళ్తారు. వచ్చే క్రిస్మస్ నాటికి ఇంట్లో ఉంటావని తలమీద చెయ్యి పెట్టి ప్రవచనం చెప్పి వెళ్లిపోతారు. అలా చెప్పినవాళ్లు మళ్లీ కనిపించరు. విన్నవాడు మాత్రం అక్కడే ఉంటాడు. నీ నోటి నుంచి ఒక్క తేదీ కూడా రాకూడదు. "నాకు ఎప్పుడు విడుదల వస్తుంది, ప్రార్థనలో దేవుడు మీకేమైనా చూపించాడా?" అని అడుగుతారు. నాకు తెలియదని చెప్పు. వచ్చే ఆదివారం మళ్లీ వస్తానని చెప్పు. చెప్పినట్లే వెళ్లు.

యిర్మీయా 29వ అధ్యాయం, అంటే బబులోను చెరలో ఉన్నవాళ్లకు అతడు పంపిన ఉత్తరం, తప్పకుండా చదవాలి, కానీ మొత్తం చదవాలి. 11వ వచనం మన ఇళ్లలో ప్రతి క్యాలెండరు మీదా ఉంటుంది, రాబోయే కాలంలో నిరీక్షణ కలిగేలా దేవుడు ఉద్దేశించిన సమాధానకరమైన సంగతుల గురించి. దానికి ముందున్న 10వ వచనం ఏ క్యాలెండరు మీదా కనిపించదు. అందులో డెబ్బై ఏళ్లు ఉన్నాయి. ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది యెరూషలేమును మళ్లీ చూడకుండానే కన్నుమూసి ఉంటారు. వాళ్లకు దేవుడు రాయించింది ఏమిటి? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, వాటి ఫలాలు తినండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, ఉన్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. యావజ్జీవ శిక్ష పడినవాళ్ల మధ్య ఈ మాటలు చదివినప్పుడు వాళ్లు వినే తీరు వేరుగా ఉంటుంది. జైలు తోటలో మొక్కలకు నీళ్లు పోసేవాడు, చేనేత మగ్గం మీద పనిచేసేవాడు, చదువు రానివాడికి ఉత్తరం రాసిపెట్టేవాడు, వీళ్లందరికీ ఆ అధ్యాయంలో చోటుంది.

ఆ తర్వాత 37, 38 అధ్యాయాలకు రా. యెరూషలేమును ముట్టడించిన బబులోను సేన కొంతకాలం వెనక్కి తగ్గింది. బెన్యామీను గుమ్మం దగ్గర ఒక కావలి అధికారి యిర్మీయాను పట్టుకుని, శత్రువుల్లో చేరడానికి పారిపోతున్నావని నేరం మోపాడు. అది అబద్ధమని అతడు చెప్పినా ఎవరూ వినలేదు. కొట్టి, లేఖికుడైన యోనాతాను ఇంట్లో పెట్టారు. ఆ ఇంటినే చెరసాలగా మార్చారు. తిరిగి అక్కడికి పంపితే చచ్చిపోతానని రాజును వేడుకున్నాడు. బందీగృహ ప్రాకారంలోకి మార్చి, రొట్టెలు కాల్చేవాళ్ల వీధి నుంచి రోజుకొక రొట్టె ఇప్పించారు. ప్రవక్త జైలు మార్చమని అర్జీ పెట్టుకోవడం, రోజువారీ తిండి లెక్క గ్రంథంలో రాసి ఉండటం అక్కడ కూర్చున్నవాళ్లకు నువ్వు విడమరచి చెప్పనక్కరలేదు.

చివరికి అధిపతులు అతన్ని మల్కీయా గోతిలోకి తాళ్లతో దింపారు. నీళ్లు లేవు, బురద ఉంది. అందులో కూరుకుపోయాడు. ఎబెద్మెలెకు అనే కూషీయుడు, రాజు ఇంట్లో కొలువున్న పరదేశి, నేరుగా రాజు దగ్గరికి వెళ్లి, ఈ మనుషులు చేసింది అన్యాయమని చెప్పాడు. ముప్పైమందిని తీసుకుని వెళ్లి పైకి లాగమని రాజు సెలవిచ్చాడు. వెళ్లే ముందు ఎబెద్మెలెకు ఖజానా కింది గదికి వెళ్లాడు. చిరిగిన పాత బట్టలు, గుడ్డపేలికలు తీసుకుని తాళ్లతో గోతిలోకి దింపాడు. తాళ్లు ఒరుసుకోకుండా వాటిని చంకల కింద పెట్టుకోమని యిర్మీయాకు చెప్పాడు. నేను ఇక్కడ ప్రతిసారీ ఆగుతాను. ప్రాణం కాపాడటానికి తాళ్లు చాలు. ఆ గుడ్డలు ఎందుకు గుర్తొచ్చాయి అతనికి? గోతిలో ఉన్న మనిషి చర్మం ఎంత నలిగి ఉంటుందో ఆలోచించాడు కాబట్టి. నువ్వు వెళ్లాల్సింది ఆ మనసుతో.

ఆ గుడ్డలు మన రోజుల్లో ఏవో కూడా చెబుతాను. మోషే ధర్మశాస్త్రంలో నేరానికి శిక్షగా జైలు లేదు. తీర్పు తేలేవరకు మనిషిని కావలిలో ఉంచేవారు, లేవీయకాండం 24, సంఖ్యాకాండం 15 చూడు. యోసేపు, పౌలు, బాప్తిస్మమిచ్చు యోహాను, అందరూ ఎవరో ఒకరి నిర్ణయం కోసం కాచుకుని ఉన్నవాళ్లే. రోమా అధిపతి ఫేలిక్సు లంచం వస్తుందేమోనని పౌలును మాటిమాటికి పిలిపించి మాట్లాడాడు. రెండేళ్లు గడిచాక అలాగే బంధకాల్లో వదిలేసి పదవి దిగిపోయాడు. మన దేశపు జైళ్లలోనూ దాదాపు నాలుగింట మూడు వంతుల మంది విచారణ ఖైదీలే. నీ ముందు కూర్చునేవాళ్లలో ఎక్కువమందికి ఇంకా తీర్పు రాలేదు. కొందరికి బెయిలు మంజూరైనా పూచీకత్తు ఇచ్చేవాళ్లు దొరకరు. 1987 నాటి చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు ఎలా పెట్టాలో ముందే తెలుసుకుని వెళ్లు. గతంలో ఏ నేరానికీ శిక్ష పడనివాడు, తన మీద మోపిన నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే బాండు మీద విడుదల చేయాలని 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత చెబుతోంది. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడదగిన కేసులకు, ఒకటికి మించి కేసులు ఉన్నవాళ్లకు అది వర్తించదు. ఇది వాక్య పరిచర్య కాదని ఎవరైనా అంటే, పౌలు ఫిలిప్పీలో తాను రోమా పౌరుడినని గుర్తుచేసి, న్యాయాధిపతులే స్వయంగా వచ్చి తమను బయటికి తీసుకుపోవాలని పట్టుబట్టిన సంగతి చూపించు.

బాప్తిస్మమిచ్చు యోహాను విషయంలో తొందరపడవద్దు. సిలువ విడిపిస్తుందని చెప్పడానికి చెరలోకి వచ్చే ప్రతివాడూ ఎదుర్కొనే ప్రశ్న అతడు ముందే అడిగాడు. చెరసాల నుంచి యేసు దగ్గరికి తన శిష్యులను పంపి, "రాబోవువాడవు నీవేనా, మేము మరియొకనికొరకు కనిపెట్టవలెనా?" అన్నాడు. నజరేతు సమాజమందిరంలో యేసు యెషయా గ్రంథం చదివినప్పుడు చెరలో ఉన్నవారికి విడుదల అన్న మాట ఉంది. యోహానుకు పంపిన జవాబులో గుడ్డివాళ్లు, కుంటివాళ్లు, కుష్ఠరోగులు, చెవిటివాళ్లు, చనిపోయినవాళ్లు, బీదలు అందరూ ఉన్నారు. చెరలో ఉన్నవాళ్ల మాట లేదు. యోహాను అది గమనించకుండా ఉంటాడా? అయినా అడిగినందుకు ప్రభువు అతన్ని కోప్పడలేదు. అతని మనుషులు వెళ్లిపోగానే, స్త్రీలు కన్నవారిలో యోహానుకన్నా గొప్పవాడు పుట్టలేదని జనంతో చెప్పాడు. చెరలో ఉండి అనుమానం వచ్చినంత మాత్రాన మనిషి తక్కువ అయిపోడని వాళ్లకు అర్థమయ్యేలా చెప్పు. హేరోదు ఇంటి విందులో యోహాను తల నరికించిన సంగతి కూడా దాచవద్దు.

యోసేపును చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. అక్కడ ఉన్నవాళ్లందరూ అబద్ధపు నిందకు గురైనవాళ్లు కారు, నేరం చేసినవాళ్లూ ఉంటారు. అందరినీ యోసేపులను చేస్తే, చేసిన పని రాత్రుళ్లు గుర్తొచ్చేవాడికి నీ దగ్గర మాట మిగలదు. అతనికి మనష్షే ఉన్నాడు. యెరూషలేమును నిరపరాధుల రక్తంతో నింపిన రాజు, గొలుసులతో బబులోనుకు ఈడ్చుకుపోబడి, అక్కడ తగ్గించుకుని ప్రార్థించాడు. 2 దినవృత్తాంతాలు 33 చదువు. ఎవరి నేరం ఏమిటో నువ్వు అడగవద్దు. వాళ్లే చెబితే విను, బయట ఎవరికీ చెప్పవద్దు, మన సంఘంలో సాక్ష్యంగా కూడా చెప్పవద్దు.

137వ కీర్తన చదివితే చివరి రెండు వచనాలు వదిలిపెట్టవద్దు. వినడానికి భయంకరంగా ఉంటాయి. అంత కోపాన్ని దేవుని ముందు పెట్టి పాడినవాళ్లు ఉన్నారని తెలిస్తే, తన కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనివాడికి దారి దొరుకుతుంది.

మరికొన్ని పనికొచ్చే సంగతులు. ప్రతి ఆదివారం పాఠం ఆ రోజుకే పూర్తికావాలి. వచ్చే వారం వాళ్లలో కొందరు వాయిదాకు వెళ్తారు, కొందరు విడుదలవుతారు, కొందరిని వేరే జైలుకు మారుస్తారు. ఉత్తరాలు, డబ్బు, ఫోను కబుర్లు లోపలికి గానీ బయటికి గానీ మోయవద్దు. ఎంత జాలి కలిగినా సరే, అధికారుల అనుమతి లేనిది ఏదీ నీ సంచిలో ఉండకూడదు. నీ ఒక్కడి పొరపాటుకు అందరి ఆదివారాలూ ఆగిపోతాయి. వేరే మతస్థులు వచ్చి కూర్చుంటే గౌరవంగా చూడు, ఎవరినీ చేతులు ఎత్తమని అడగవద్దు. వార్డర్లకూ నమస్కారం పెట్టు. ఫిలిప్పీలో ఖైదీలు పారిపోయారనుకుని తనను తాను చంపుకోవడానికి కత్తి దూసిన కాపలా అధికారిని, "మేమందరము ఇక్కడనే యున్నాము" అని పౌలు కేక వేసి ఆపాడు. తలుపులన్నీ తెరుచుకున్న రాత్రి ఒక్కరూ బయటికి పోలేదు. నువ్వు పక్కన పెట్టిన ఆ 16వ అధ్యాయాన్ని కొన్ని నెలల తర్వాత ఈ వైపు నుంచి చెప్పు.

కుటుంబాలను మర్చిపోవద్దు. ములాఖత్ రోజున గేటు బయట ఎండలో నిలబడే తల్లులను, భార్యలను పలకరించు. చాలామంది ఊరి నుంచి పని మానుకుని, రెండు బస్సులు మారి వస్తారు. రోమాలో పౌలు సంకెళ్ల గురించి సిగ్గుపడకుండా వెతికి వెతికి కనుక్కున్నవాడు ఒనేసిఫోరు. తిమోతికి రాసిన రెండో ఉత్తరంలో పౌలు అతని ఇంటివాళ్ల కోసం కూడా ప్రార్థించాడు. అదే ఉత్తరంలో తిమోతిని, చలికాలం రాకముందే రమ్మని, త్రోయలో వదిలేసిన అంగీని, పుస్తకాలను తెమ్మని అడిగాడు. ఖైదీ అడిగే చిన్న వస్తువులను చిన్నవిగా చూడవద్దు. కళ్లజోడు, తెలుగు బైబిలు పెద్ద అక్షరాలది, రాసుకోవడానికి నోటుపుస్తకం. అనుమతి తీసుకుని ఇవ్వగలిగినవి ఇవ్వు.

పెద్ద అక్షరాల బైబిళ్లు మా సంఘంలో కొన్ని ఉన్నాయి. ఎన్ని కావాలో రాస్తే పంపిస్తాను. మొదటి ఆదివారం వెళ్లి వచ్చాక, వాళ్లు ఏమి అడిగారో నాకు రాయి.

మీ పెద్దనాన్న