పాఠకుల ప్రశ్నలు: జిమ్‌లో చేరిన కొత్తలో

ఈ నెల జిమ్ గురించి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు బెంగళూరువే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాం. రాసినవారి పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: బెళ్లందూరులో ఒక జిమ్‌లో ఏడాది సభ్యత్వానికి 24,000, పర్సనల్ ట్రైనింగ్ 30 సెషన్లకు 30,000 అన్నారు. "ఈ రోజే ఆఖరు" అంటే నెలకు 4,500 చొప్పున ఈఎంఐ పెట్టించుకున్నాను. ఐదు నెలలకు జిమ్ మూసేశారు. 11 సెషన్లే అయ్యాయి. వాయిదా మాత్రం ప్రతి నెలా కట్ అవుతోంది. బ్యాంకులో ఆపించేయొచ్చా?

జవాబు: తొందరపడి ఆపకండి. మీరు జిమ్‌కు వాయిదాలు కడుతున్నట్టు అనిపిస్తుంది కానీ, కౌంటర్ దగ్గర ఓటీపీ చెప్పిన నిమిషంలో ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరు మీద అప్పు రాసింది. డబ్బు జిమ్‌కు ముందే ముట్టింది. ఇప్పుడు వాయిదా ఎగ్గొడితే దెబ్బ పడేది మీ సిబిల్ స్కోరుకి. రేపు ఇంటి లోన్ అడిగినప్పుడు అది బయటికొస్తుంది.

ముందు లెక్క కట్టండి. వాడుకోని 7 నెలలకు 14,000, మిగిలిన 19 సెషన్లకు 19,000, మొత్తం 33,000. రసీదు, మీరు సంతకం చేసిన ఫారం, వాట్సాప్ మాటలు, మూసిన షట్టరు ఫొటో జత చేసి, జిమ్ యజమానికీ ఫైనాన్స్ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కూ ఒకే రోజు ఈమెయిల్ పెట్టండి. కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వకపోతే, లేదా ఇచ్చిన జవాబు సరిగా లేకపోతే, ఇలాంటి కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చేమీ ఉండదు. జిమ్ మీద 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. 2019 చట్టం వచ్చాక మీరు ఉంటున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు. ఉద్యోగం మారి విజయవాడ వెళ్లిపోయినా బెంగళూరు కోర్టుల చుట్టూ తిరగక్కర్లేదు. రసీదు అడుగున "డబ్బు వాపసు లేదు" అని అచ్చేసి ఉందని వెనక్కి తగ్గకండి. ఇస్తామన్న సేవే ఇవ్వనప్పుడు ఆ ఒక్క గీత వాళ్లను కాపాడలేదు.

ఇంకా చేరని వాళ్లు మొదట ఒక నెలకో, మూడు నెలలకో మాత్రమే కట్టండి. "ఈ రోజే ఆఖరు" అన్నది అక్కడ రోజూ చెప్పే మాటే. మీరు రోజూ వెళ్లబోయే వేళకే వెళ్లి చూడండి. మధ్యాహ్నం మూడింటికి చూపించిన ఖాళీ హాలు సాయంత్రం ఏడింటికి వేరేలా ఉంటుంది. ఊరెళ్తే సభ్యత్వాన్ని ఎన్ని రోజులు ఆపుకోవచ్చో, ఇంకొకరికి బదిలీ చేయొచ్చో లేదో కాగితం మీద రాయించుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి జిమ్‌లకు జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో 18 కనబడితే అడగండి. దూరం సంగతి కూడా చూసుకోండి. అవుటర్ రింగ్ రోడ్డు దాటి వెళ్లాల్సిన జిమ్ ఎంత బాగున్నా రెండో నెలకు మానేస్తారు.

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 68 కిలోలు. మారతహళ్లిలో జిమ్‌కు రెండు నెలలుగా వెళ్తున్నాను. రోజూ 45 నిమిషాలు ట్రెడ్‌మిల్, తర్వాత 2 కిలోల డంబెల్స్‌తో చేతులు. కిలో కూడా తగ్గలేదు. బరువులు ఎక్కువ ఎత్తితే మగవాళ్లలా కండలొస్తాయని ట్రైనర్ వద్దంటాడు. చెస్ట్ ప్రెస్ చేస్తే కుడి భుజం ముందువైపు నొప్పి. నా ఒంటికి జిమ్ పడదేమో?

జవాబు: ఒంటికి పడకపోవడం కాదు, మిషన్ మీ ఒంటికి తగ్గట్టు సర్ది లేదు. చెస్ట్ ప్రెస్ సీటు కిందుండే గుండీలాంటి పిన్ను మీకెవరైనా చూపించారా? మీకన్నా ముందు కూర్చున్న ఆరడుగులాయన సీటును బాగా కిందికి దించి, అలాగే వదిలేసి వెళ్తాడు. మీరొచ్చి అందులోనే కూర్చుంటే హ్యాండిల్స్ మీ భుజాల ఎత్తుకో, ఇంకా పైకో వస్తాయి. అక్కణ్ణించి తోసినప్పుడు మోచేతులు పైకి లేచిపోతాయి, ఛాతీ చేయాల్సిన పని భుజం ముందున్న సన్న కండరాల మీద పడుతుంది. నొప్పి అక్కడిదే. పిన్ను లాగి సీటును రెండు మూడు రంధ్రాలు పైకెత్తండి. హ్యాండిల్స్ ఛాతీ మధ్యకు రావాలి. పాదాలు నేలకు ఆనకపోతే చెరో ప్లేటు కింద వేసుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఇలా మార్చాక కూడా రెండు వారాల్లో నొప్పి తగ్గకపోయినా, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోయినా ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

మిగతా మిషన్లతోనూ ఇదే గొడవ. కూర్చుని కాళ్లు ముందుకు చాచే లెగ్ ఎక్స్‌టెన్షన్‌కు పక్కన ఒక ఇరుసు ఉంటుంది. అది సరిగ్గా మీ మోకాలి కీలుకు ఎదురుగా రావాలి. పొట్టివాళ్లకు వెనక ఆనుకునే పలక ముందుకు జరపకపోతే అది కుదరదు, బరువు మోకాలి చిప్ప మీద పడుతుంది. పైనున్న రాడ్‌ను ఛాతీ దాకా లాగే లాట్ పుల్‌డౌన్‌లో తొడల మీదుండే దిండ్లు గట్టిగా నొక్కిపట్టాలి, లేకపోతే బరువు కిందికి రావడానికి బదులు మీరే పైకి లేస్తారు. ఏ మిషన్ మీద ఏ నంబరు రంధ్రంలో పిన్ను పెట్టాలో ఫోన్‌లో రాసుకుంటే రెండోసారి నుంచి అరనిమిషం పని.

ఇక కండల మాట. కండలు ఉబ్బడానికి ముఖ్యంగా కావాల్సిన టెస్టోస్టెరోన్ ఆడవాళ్లలో మగవాళ్లకున్న దాంట్లో పదో వంతు కూడా ఉండదు. అది దండిగా ఉన్న కుర్రాళ్లే ఆ కండల కోసం ఏళ్ల తరబడి అవస్థ పడుతున్నారు, మీకు మూడు నెలల్లో ఎక్కణ్ణించి వస్తాయి? మీ ఇంట్లో 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఎవరు ఎత్తిపెడతారు? అది 20 కిలోల పైమాటే. అది ఎత్తే చేతికి 2 కిలోల డంబెల్ వ్యాయామమే కాదు.

వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామంతో ఇవి చేయండి: డంబెల్‌ను గుండెకు ఆనించి పట్టుకుని గుంజీలా కూర్చుని లేచే స్క్వాట్, నడుము వంచకుండా తుంటి దగ్గర వంగి లేచే రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, చెస్ట్ ప్రెస్, లాట్ పుల్‌డౌన్, చివర్లో రెండు చేతుల్లో బరువులు పట్టుకుని 30 అడుగులు నడవడం. మొదటి నాలుగింటిలో ఒక్కోటి 3 సెట్లు, సెట్‌కు 8 నుంచి 12 సార్లు. సెట్ అయ్యేసరికి ఇంకా రెండు మూడు మాత్రమే చేయగలననిపించాలి. ఇరవై చేయగలననిపిస్తే బరువు చాలనట్టే. మూడు సెట్లూ 12 పూర్తయిన రోజున తర్వాతి బరువుకు వెళ్లండి.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. జిమ్‌లో డంబెల్స్ 2.5, 5, 7.5 అని పెరుగుతాయి. కాళ్లకు అది చిన్న మెట్టు. భుజాలకు మాత్రం 2.5 నుంచి 5 అంటే ఒక్కసారిగా రెట్టింపు. ఎత్తలేక మళ్లీ కిందికి వచ్చేసి "నా వల్ల కాదు" అనుకుంటారు. అలాంటి చోట 2.5తోనే 15, 18 సార్ల దాకా పెంచి, ఆ తర్వాత 5తో ఆరేడు సార్లు మొదలుపెట్టండి. రాడ్‌తో చేసేవాళ్లు రాడ్ బరువు కూడా కలపాలి. మామూలు ఒలింపిక్ రాడ్ ఒక్కటే 20 కిలోలు, ఆడవాళ్లది 15.

ట్రెడ్‌మిల్ మీద 45 నిమిషాల మామూలు నడకకు మీ బరువుకి సుమారు 180 క్యాలరీలు ఖర్చవుతాయి, దార్లో దర్శినిలో (నిలబడి తినే చిన్న హోటల్లో) తినే బెన్నె మసాలా దోశ దాన్ని మించిపోతుంది. హ్యాండిల్ పట్టుకుని నడిస్తే ఆ 180 కూడా కాదు. బరువు తగ్గడం తిండి దగ్గర తేలాల్సిన లెక్క. జిమ్ ఆ తగ్గేది కండ కాకుండా చూస్తుంది. నెలసరి ముందు ఒంట్లో నీరు చేరి కిలో, కిలోన్నర పెరగడం మామూలే కాబట్టి రోజూ కాటా ఎక్కకండి. నెలకోసారి, నెలసరి అయిపోయిన వారంలో, బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలవండి.

ప్రశ్న: కె.ఆర్.పురంలో పీజీలో ఉంటాను, 23 ఏళ్లు. పొద్దున ఆరింటికి ఏమీ తినకుండా జిమ్‌కు వెళ్తాను. స్క్వాట్ చేసి లేచేటప్పుడు కళ్లు తిరుగుతున్నాయి. నెలసరి రోజుల్లో మరీనూ. ఆ రోజుల్లో మానేయాలా?

జవాబు: నెలసరికి జిమ్ మానక్కర్లేదు. కడుపునొప్పి ఉంటే బరువులు తగ్గించండి, అంతే. కళ్లు తిరగడాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. వెళ్లడానికి అరగంట ముందు ఒక అరటిపండో, నాలుగు ఖర్జూరాలో తిని నీళ్లు తాగండి. లేచేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా వదలండి. అప్పటికీ తగ్గకపోతే సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్షలు చేయించుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే అదే. ప్యాడ్ గంట రెండు గంటలకే నిండిపోతున్నా, నెలసరి ఏడు రోజులు దాటుతున్నా గైనకాలజిస్టుకు చెప్పండి. డాక్టర్ ఐరన్ మాత్రలు రాస్తే వాటిని ఫిల్టర్ కాఫీతో మాత్రం వేసుకోకండి, కాఫీ టీలు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. గంటన్నర ఎడం ఉంచి, నిమ్మరసంతో వేసుకోండి. విరేచనం నల్లగా అవుతుంది, భయపడక్కర్లేదు.

ప్రశ్న: మా అమ్మాయి సర్జాపుర రోడ్డులో ఉంటుంది. సిజేరియన్ అయి నాలుగు నెలలు. జుంబాలో గంతులేస్తుంటే మూత్రం చుక్కలు పడుతోందట. పొట్ట తగ్గాలని జిమ్‌లో బెల్టు కట్టి వంద క్రంచెస్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకి లేపడం) చేయిస్తున్నారు. మా రోజుల్లో ఇవన్నీ లేవు. చేయొచ్చా?

జవాబు: ఆ రెండూ ఇప్పుడు ఆపించేయండమ్మా. కాన్పు తర్వాత కొందరికి పొట్ట మధ్య గీత వెంట కండరాలు విడిపోయి ఉంటాయి. అమ్మాయిని వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కాస్త ఎత్తమనండి. బొడ్డు పైన కింద వేళ్లు అడ్డంగా పెట్టి చూస్తే రెండు వేళ్లకు మించి సందు తగిలినా, మధ్యలో గట్టులా ఉబ్బినా క్రంచెస్ ఆ సందును ఇంకా ఒత్తుతాయి. బెల్టు చెమట పట్టిస్తుంది గానీ కొవ్వు కరిగించదు. మూత్రం పడటం చాలామందికి ఉండేదే. అలాగని ప్యాడ్ పెట్టుకుని సర్దుకుపోవాల్సింది కాదు. మూత్రాన్ని, గ్యాస్‌ను ఆపుకున్నట్టు కటి కండరాలు బిగించి, 5 నుంచి 10 సెకన్లు ఉంచి వదలాలి. పదేసి సార్లు, రోజుకు మూడు పూటలు, మూడు నెలలు. బిగించేటప్పుడు పిరుదులు, తొడలు బిగుసుకుంటుంటే తప్పు చేస్తున్నట్టే. పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపిస్టులు బెంగళూరులో ఉన్నారు, ఒకసారి చూపించి నేర్చుకుంటే మేలు. ఈలోగా నడక, తేలికపాటి బరువులు పర్వాలేదు. ఎత్తే క్షణంలో గాలి వదలాలి.

ప్రశ్న: ట్రైనర్ రెండు కిలోల ప్రోటీన్ డబ్బా, ఫ్యాట్ బర్నర్ కొనమంటున్నాడు. తప్పనిసరా?

జవాబు: కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో ప్రోటీన్ పొడుల జోలికి వెళ్లొద్దనే చెప్పింది. రోజుకు కిలో బరువుకి 0.83 గ్రాములు మామూలు అవసరం, బరువులెత్తేవాళ్లకు 1.2 దాకా పెడితే మంచిది. 60 కిలోల మనిషికి 72 గ్రాములు. రెండు గుడ్లు 12, 50 గ్రాముల పెసలతో పెసరట్టు 12, 30 గ్రాముల మీల్‌మేకర్ 15, కప్పు పప్పు 8, గిన్నెడు పెరుగు 7, గుప్పెడు వేరుశెనగలు 7. మిగతాది అన్నం, చపాతీల్లో వచ్చేస్తుంది. పీజీ సాంబారులో పప్పు వెతుక్కోవాల్సిన వాళ్లకు పొడి పనికొస్తుంది, కానీ సీలు విప్పని డబ్బా, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు చూసి కొనండి. ఫ్యాట్ బర్నర్ వద్దు. చాలా వాటిలో దండిగా ఉండేది కెఫీన్, గుండె దడ, నిద్రలేమి దాంతోనే.

ప్రశ్న: సరిచేస్తానంటూ ట్రైనర్ అడక్కుండా నడుము పట్టుకుంటాడు. మామూలేనా?

జవాబు: కాదు. చేసి చూపించి, మాటతో చెప్పి నేర్పలేని వ్యాయామం లేదు. ముట్టుకోవాల్సి వస్తే ముందు అడగాలి. "చేయి వేయకుండా చెప్పండి" అని నలుగురికీ వినబడేలా అనండి. మళ్లీ జరిగితే మేనేజర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. 2013 నాటి లైంగిక వేధింపుల చట్టం అక్కడ ఉద్యోగి కాని మహిళకూ వర్తిస్తుంది. పదిమంది, అంతకు మించి సిబ్బంది ఉంటే జిమ్‌లో అంతర్గత కమిటీ ఉండాలి, లేకపోతే జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు. బట్టలు మార్చుకునే గదిలో కెమెరా కనబడితే దాన్ని కదపకండి, 112కి ఫోన్ చేయండి. అది భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం.

ప్రశ్న: మంగళసూత్రం, గాజులు తీసేయాలా? చున్నీ వేసుకోవచ్చా?

జవాబు: గాజులు, ఉంగరాలు తీసేయండి. రాడ్‌కూ వేలికీ మధ్య ఉంగరం నలిగితే వేలు చీరుకుపోతుంది. మంగళసూత్రం తీయడం ఇష్టం లేకపోతే బిగుతైన స్పోర్ట్స్ బ్రా లోపలికి పోనిచ్చి, బయట వేలాడకుండా చూసుకోండి. జడ పైకి చుట్టి క్లిప్పు పెట్టండి, కేబుల్ మిషన్ దగ్గర వదులు జుట్టు ప్రమాదం. చున్నీ మాత్రం ట్రెడ్‌మిల్ మీద వద్దే వద్దు. ఆ ట్రెడ్‌మిల్‌కు తాడుతో ఒక ఎర్ర క్లిప్పు ఉంటుంది, అది మీ బట్టలకు తగిలించుకోవడానికే. కాలు జారి వెనక్కి వెళ్తే తాడు ఊడి బెల్టు ఆగిపోతుంది. చాలా జిమ్ముల్లో దాన్ని హ్యాండిల్‌కు చుట్టి వదిలేస్తారు. విప్పి పెట్టుకోండి.