హైదరాబాద్ నుంచి విజయవాడకు విమానమా, కారా?

విజయవాడలో మధ్యాహ్నం పెళ్లి ఉంది, పెద్దావిడైన అమ్మగారితో ఉదయం హైదరాబాద్‌లో బయలుదేరాలి, విమానమైతే సమయం కలిసొస్తుందా అని అడిగారు. మీ ఇల్లు ఏ వైపో రాయలేదు. సమాధానమంతా అక్కడే ఉందండీ.

తిన్నగా గీత గీసి కొలిస్తే రెండు ఊళ్ల మధ్య దాదాపు 250 కిలోమీటర్లు. 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 275. కొండలు లేవు, చుట్టుదారులు లేవు. రోడ్డే ఇంత తిన్నగా ఉంటే విమానం కొత్తగా తగ్గించేదేముంది? ఫోనులో దూరం లెక్క వేస్తే ‘విమానంలో 20 నిమిషాలు’ అని కనిపిస్తుంది. అది దూరాన్ని జెట్ వేగంతో భాగించగా వచ్చిన అంకె మాత్రమే. నేను ఎక్కినవన్నీ రెక్కలకు పంకాలుండే చిన్న విమానాలు, దాదాపు గంట పట్టింది.

మాది హైదరాబాద్‌లో విజయవాడ రోడ్డు వైపున్న వనస్థలిపురం, పుట్టిల్లు విజయవాడలోని పటమట. ఒకసారి పంతం పట్టి గడియారం చూసుకుంటూ వెళ్లాను. ఎనిమిది గంటల విమానానికి 5.20కి ఇల్లు దాటాను. శంషాబాద్, తనిఖీలు, పడిగాపులు, విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరంలో పెట్టె కోసం నిలబడటం, అక్కడి నుంచి 20 కిలోమీటర్లు టాక్సీ. పటమటలో గుమ్మం ఎక్కేసరికి 10.05. మరో నెలలో అదే వేళకు కారులో బయలుదేరి, సూర్యాపేటలో ఇడ్లీ తిని, టీ తాగి చేరితే 10.10! ఆ ఐదు నిమిషాలకు ఎంత ఖర్చు పెట్టానో మా ఆయన ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంటారు.

ఊరికి పడమటి వైపు గచ్చిబౌలిలో ఉండే మా తమ్ముడి లెక్క వేరు. ఔటర్ రింగ్ రోడ్డు మీద విమానాశ్రయానికి ముప్పావుగంటలోపే చేరతాడు. కారైతే ముందు విజయవాడ రహదారి కలిసే పెద్ద అంబర్‌పేట దాకా చుట్టి రావాలి. వాడికి విమానంలో గంట వరకు మిగులుతుంది.

అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే ఒక్క మాట. ఆ చిన్న విమానాల్లో తలుపే కిందికి వాలి మెట్లవుతుంది. ఇరుకు మెట్లు. మా అమ్మ కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టుమీద రెండు పాదాలూ ఆనించి దిగుతుంటే వెనక అందరూ ఆగిపోయారు. చక్రాల కుర్చీ కావాలని టికెట్ తీసేటప్పుడే చెప్పండి.

సంక్రాంతి ముందు మాత్రం కారు ఊసెత్తవద్దు. పంతంగి టోల్ దగ్గరి వరుసలు చూశాక ఆ రెండు మూడు రోజులూ నేను రోడ్డెక్కడం మానేశాను. భారీ వర్షాలప్పుడూ అంతే. 2023 జూలైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద రహదారి మీదికే వచ్చి రాకపోకలు ఆగిపోయాయి.

ముందు రోజే వెళ్లగలిగితే రెండూ వద్దు. మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో బయలుదేరే విశాఖ వందే భారత్ సుమారు నాలుగు గంటల్లో విజయవాడలో దింపుతుంది. అమ్మ వెంట ఉంటే మేమిప్పుడు దానికే వెళ్తున్నాం.